పాలు పొంగించే ముందు

“ఆ ఇంజనీరమ్మ గేటు దాటి లోనకొచ్చినాదంటే, రేపు మీ గృహప్రవేశానికి నాను రాను. నన్ను పిలవొద్దు కూడా!”

జగ్గారావు కేక వీధి చివరిదాకా పోయింది. సబ్బవరం పక్కన కొత్తగా వేసిన కాలనీ అది. ఇళ్ళింకా పలచగానే ఉన్నాయి. మధ్య మధ్య ఖాళీ స్థలాలు. ఎవరింట్లో గొంతు పెరిగినా అడ్డం లేకుండా అందరి చెవుల్లోనూ పడుతుంది.

తాయారు చేతిలో మామిడాకుల దండ అలాగే ఉండిపోయింది. గడపకి రాసిన పసుపు ఇంకా తడి ఆరలేదు. తెల్లారితే పాలు పొంగించాలి. ఆ మాట తలుచుకుంటేనే చాలు, వారం రోజులుగా ఆమెకి అన్నం సహించడం లేదు, కంటికి కునుకు రావడం లేదు. అంతా సంతోషమే. కూర్మన్నపాలెంలో అద్దె వాటాలో, వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని వంతు కోసం నిలబడ్డ మనిషి ఇక తన వంటింట్లో తన కుళాయి తిప్పుకోబోతోంది.

అలాంటి పూట ఈ గొడవ.

గేటు అవతల స్కూటీ ఆపి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, భుజాన బరువైన సంచీతో జ్యోతిర్మయి నిలబడి ఉంది. కట్టిన ఇళ్ళు ఎంత గట్టివో పరీక్ష చేసి చెప్పడం ఆమె పని. గాజువాకలో ఆమె ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళి పిలుచుకొచ్చింది తాయారు మొగుడు వరహాలు. పిలిచిన సంగతి ఈ పొద్దుటిదాకా పెళ్ళానికి చెప్పనే లేదు.

ఇల్లు కట్టింది తాయారు సొంత అన్న. కొనుక్కుంటున్నది తాయారు, ఆమె మొగుడు. ఇంటి మనుషుల మధ్య పరీక్షేమిటని జగ్గారావు బాధ. అతను తాపీ పట్టుకుని పైకొచ్చిన మేస్త్రీ. ఈ కాలనీలో సగం ఇళ్ళు అతను కట్టి అమ్మినవే.

“బావా, అలగనకు,” అన్నాడు వరహాలు. స్టీల్ ప్లాంట్లో కాంట్రాక్టు కింద క్రేన్లు చూసే మనిషి అతను. గొంతు పెంచడం చేతకాదు. “మా కాడ నిన్న బరువెత్తిన గొలుసునే ఇయ్యాళ మళ్ళీ తగిలించాలన్నా ముందు సూసి గానీ తగిలించనివ్వరు. గొలుసు మీద కోపవుండి కాదు. కింద మనుషులుంతారని.”

“నా ఇల్లు నీకు గొలుసులాగ కనిపిత్తందేటి?”

“ఇంటి కిందా మనుషులే ఉంతారు గదా, బావా.”

జగ్గారావు పెళ్ళాం నాగమణి పులిహోర గిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడి, ఎవరి వైపు చూడాలో తెలియక గిన్నె మూత వైపు చూసుకుంది.

“హుద్‌హుద్‌ తుఫానుకి విశాఖపట్నం అంతా అల్లకల్లోలం అయిపోనాది,” అన్నాడు జగ్గారావు. “అప్పుడు కూడా నా సెయ్యి పడిన గోడ ఒక్కటీ కదల్నేదు. ఆ సంగతి నీకు తెల్దా, తాయారూ? నువ్వు సెప్పు. నువ్వే సెప్పు.”

అందరూ తాయారు వైపు తిరిగారు.

మొగుడి మీద ఆమెకి కోపంగానే ఉంది. నాలుగు మాటలు ముందు చెబితే అన్నకి తనే నచ్చజెప్పుకునేది. కానీ ఆమె మనసులో ఇంకో సంగతి నలుగుతోంది. నిన్న వంటింటి కిటికీ తుడుస్తుంటే, పై మూల నుంచి వెంట్రుకలాంటి గీత ఒకటి పైకి పాకడం కనిపించింది. చూసి, చూడనట్టు తల తిప్పేసుకుంది. రాత్రంతా ఆ గీత కళ్ళ ముందే ఉంది.

మామిడాకులు మెట్టు మీద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, తాయారు నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

“అన్నియ్యా, నువ్వు రాకపోతే నాను పాలు పొంగించను. ఈవిడ సూడకపోయినా పొంగించను. రెండూ కావాల నాకు.”

అని గేటు గడియ తీసింది.

జగ్గారావు చెల్లెలి మొహం వైపు ఒక్కసారి చూసి, వెళ్ళి తన వేన్ బండికి ఆనుకుని, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు. అదే చాలనుకుంది తాయారు.

జ్యోతిర్మయి ఇంట్లోకి రాకుండా ముందు ఇంటి చుట్టూ తిరిగింది. పునాది పక్కన నేల చూసింది. నీళ్ళు ఎటు పోతున్నాయో చూసింది. “ఇక్కడ ముందు ఏముండేదండీ? పొలమా? చెరువు గట్టా?” అని అడిగింది.

“మెరక. జీడితోట,” అంది నాగమణి.

“ఇల్లు ఎన్ని వానలు చూసింది?”

“రెండు వానాకాలాలు ఎల్లిపోనాయి.”

“మంచిది. వానలు చూసిన ఇల్లు దాని మాట అది చెప్పేస్తుంది,” అని నవ్వింది ఇంజనీరు. ఆ నవ్వుకి తాయారు గుండె కాస్త కుదుటపడింది.

వంటింట్లోకి రాగానే తాయారు ఆగలేకపోయింది. “మేడమ్, ముందు ఇది సూడండి!” అని కిటికీ మూల చూపించింది. వరహాలు ఉలిక్కిపడి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చెప్పని సంగతి ఇప్పుడు బయటపడింది. ఇద్దరూ సరికి సరి అయిపోయారు.

జ్యోతిర్మయి గీత మీద గోరు పెట్టి లాగింది. బయటికి వెళ్ళి గోడకి అటువైపు చూసింది. తిరిగొచ్చి చిన్న సుత్తితో మెల్లిగా కొట్టింది. టంగ్, టంగ్.

“గోరు కూడా దిగడం లేదు. అవతలి వైపు లేనే లేదు. ఇది పైపూత ఆరేటప్పుడు వచ్చిన గీత. మన అరచేతిలో గీతలాంటిది. భయపడక్కర్లేదు.”

తాయారు పెద్దగా ఊపిరి వదిలింది. అక్కడి నుంచి ఆమెకి హుషారు పట్టుకుంది. ఇంజనీరు ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి తనూ వెళ్ళింది. స్తంభం మీద స్ప్రింగు సుత్తి ఆనించి నొక్కితే అది టప్పుమని వెనక్కి తన్నడం, ఇస్త్రీపెట్టెలాంటి మిషను గోడ మీద జరుపుతుంటే లోపల ఇనుము ఉన్నచోట కీచుమనడం, అన్నీ వింతే. “ఇక్కడుంది! ఇక్కడ కూడా ఉంది!” అని తాయారే ముందు అరిచేది. సుత్తి చప్పుడు ఎక్కడ గట్టిగా మోగుతోందో, ఎక్కడ డొల్లగా మోగుతోందో ఆమె చెవికే తెలిసిపోయింది. స్నానాలగది బయట ఒక చోట డొబ్ డొబ్ మంది.

“పైపూత ఊడింది. తీసి మళ్ళీ రాయించుకోండి. చిన్న పని,” అంది జ్యోతిర్మయి. “ఇప్పుడు అసలు సంగతి. వెనక స్తంభం పక్కన కొంచెం తవ్వాలి. పునాది ఏ నేల మీద కూర్చుందో కళ్ళతో చూడాలి.”

వరహాలు చొక్కా విప్పి గునపం అందుకున్నాడు. కొత్త ఇంటి గోడ పక్కనే గుంత తవ్వుతుంటే తాయారుకి ప్రతి పోటూ తన ఒంటికి తగిలినట్టే ఉంది. బండి దగ్గర నిలబడ్డ జగ్గారావు వీపు ఇప్పుడు సగం ఇటు తిరిగింది. గునపం ఠంగుమంది. ఎర్రటి గట్టి గ్రావెల్. దాని మీద వెడల్పుగా, నీటుగా కాంక్రీటు దిమ్మ.

జ్యోతిర్మయి గుంతలోకి దిగి, చేత్తో తడిమి, టార్చి వేసి చూసి, పైకొచ్చి చేతులు దులుపుకుంది.

“ఈ ఇల్లు బాగుందండీ. గట్టి నేల మీద గట్టిగా ఉంది.”

తాయారు ఒక్క ఎగురు ఎగిరి ఆమెని కావిలించుకుంది. చేతి మట్టంతా చీరకి అంటుకుంది. ఆమెకది పట్టలేదు. వరహాలు గుంతలోనే నిలబడి, చెమట తుడుచుకోవడం మర్చిపోయి నవ్వుతున్నాడు.

“ఒక్క మాట గుర్తుంచుకోండి,” అంది జ్యోతిర్మయి. “ఈ పునాది ఒక్క అంతస్తుకే. పైన ఇంకోటి వెయ్యాలనిపిస్తే ముందు నన్నో, నాలాంటి ఇంకొకరినో పిలవండి. వేశాక కాదు. పెద్ద తుఫాను పోయినా, పక్క కొండలో రాళ్ళు పేల్చడం మొదలెట్టినా ఒకసారి చూపించుకోండి. తలుపులు కూడా చూసుకుంటూ ఉండండి. వానకి చెక్క ఉబ్బి పట్టెయ్యడం వేరు. ఎండల్లో కూడా పట్టేస్తోందంటే అక్కడ గోడ కదులుతున్నట్టు.”

నాగమణి చేతిలో పులిహోర గిన్నె మూత గణగణమంటూ కింద పడి దొర్లింది. వంగి తీసుకుని, ఏమీ జరగనట్టు చూసింది. తాయారు అది గమనించింది. ఏమిటో అడుగుదామనుకునేలోగా జగ్గారావు వచ్చిపడ్డాడు.

“సెప్పేనా? సెప్పేనా నాను?” అన్నాడు. కోపమంతా ఎగిరిపోయి మొహం వెలిగిపోతోంది. “బావా, ఇన్నావా? గట్టిగా ఉందంట! మేడమ్, ఇంతదాకా వచ్చేరు గదా, నా సొంత ఇల్లు కూడా సూడండి. ఈది కింద సివర. అదీ ఈ సేత్తోనే కట్టేను. మీద ఇంకో అంతస్తు కూడా ఏసేను. మిషను పెట్టండి, గుంత తవ్వండి, ఏటి సేత్తారో సెయ్యండి! అప్పుడు సెప్పుదురు, జగ్గారావు పనంటే ఏటో!”

“ఇప్పుడొద్దులెండి,” అంది నాగమణి గభాల్న. “మేడమ్ గారు అలిసిపోయుంతారు.”

“అలిసిపోవడమేటి? పదండి పదండి!”

జగ్గారావు ముందు నడిచాడు. దారిలో ఎదురైన వాళ్ళందరికీ “మా సెల్లెలి ఇల్లు పాసైపోనాది!” అని చెప్పుకుంటూ నడిచాడు. వెనక నాగమణి మాత్రం అడుగు అడుగుకీ వెనకబడింది. తాయారు ఆగి ఆమె చెయ్యి పట్టుకుంది.

“వొదినా, ఏటి సంగతి?”

“ఏటీ నేదు.”

“నాకాడ దాయకు.”

నాగమణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మా గది తలుపు పట్టెత్తంది, తాయారూ. వడ్రంగి సేత చిత్రిక పట్టించేను. మళ్ళీ పట్టెత్తంది. ఎండాకాలం నుంచీ.”

“అన్నియ్యకి సెప్పేవా?”

“సెప్తే ఊరుకుంతాడా? నా పనికి వంకెడతావా అంతాడు. కిటికీ కాడ గీత కూడా ఉంది. తెర కట్టేసేను.”

తాయారు ఆమె చెయ్యి వదలకుండా పరుగులాంటి నడక నడిచింది.

జగ్గారావు ఇల్లు కాలనీకంతా అందమైనది. ముందు గదిలో తెల్లటి పీఓపీ సీలింగు, దాంట్లో రంగు రంగుల దీపాలు. పై అంతస్తులో ఎవరూ ఉండరు. అతని పనికి కావలసిన సరుకంతా అక్కడే పెడతాడు. వెనక గదిలో తల్లి పోతమ్మ కాలికి కట్టుతో నులకమంచం మీద పడుకుని ఉంది. నెల కిందట బావి దగ్గర జారిపడింది.

తాయారు ఎవర్నీ అడగలేదు. నేరుగా పడకగదిలోకి వెళ్ళి కిటికీ తెర పక్కకి లాగేసింది.

కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా, ఏటవాలుగా, సీలింగు దాకా పోయింది పగులు. ఇది వెంట్రుక కాదు. “ఒక రూపాయి బిళ్ళ ఇవ్వండి,” అని జ్యోతిర్మయి చెయ్యి చాచింది. తాయారు రవికలోంచి చిల్లర సంచీ తీసి ఒక రూపాయి బిళ్ళ ఇచ్చింది. ఇంజనీరు దాన్ని పగులు దగ్గర పెట్టింది. బిళ్ళ లోపలికి జారిపోయింది. గోడలో ఎక్కడో టంగుమని పడింది.



“అది ఉత్త ఇటుక గోడ,” అన్నాడు జగ్గారావు. గొంతులో ఇందాకటి హుషారు లేదు. “బరువు మోసేది బీము గదా. బీముకేటీ కాదు.”

“ఈ గోడ వారగా పోయే బీము హాల్లోకి వస్తుందనుకుంటాను. సీలింగు పైన ఉంది. కనిపించడం లేదు,” అంది జ్యోతిర్మయి.

“కనిపించడం లేదా? సూపిత్తాను!”

జగ్గారావు ముందు గదిలోకి పరిగెత్తి, స్టూలు లాక్కుని ఎక్కి, సుత్తితో తన తెల్లటి సీలింగుని తనే ఒక్క దెబ్బ కొట్టాడు. సుద్ద ముక్కలు జలజల రాలాయి. నాగమణి కెవ్వుమంది. ఇంకో దెబ్బ. కంతలోకి చెయ్యి పెట్టి పెద్ద ముక్క ఊడబెరికాడు. ఇంజనీరు టార్చి పైకి వేసింది.

స్తంభం పక్కన బీములో వాలుగా, కింది నుంచి పైకి, కత్తితో కోసినట్టు చీలిక. లోపల ఇనుప చువ్వ కనిపిస్తోంది.

ఎవరూ చెప్పక్కర్లేదు. జగ్గారావు జీవితమంతా బీములు పోసిన మనిషి. స్టూలు మీదే బిగుసుకుపోయాడు. అన్న మొహం అలా ఉండగా తాయారు ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు నాన్న శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు కూడా అన్న ఏడ్చాడు గానీ ఇలా అయిపోలేదు.

“పైన ఏముంది?” జ్యోతిర్మయి గొంతు మారిపోయింది.

“టైల్సు...” అన్నాడు. “సిమెంటు బస్తాలు. ఇసక.”

“అందరూ బయటికి. ఏమీ తీసుకోవద్దు. ఇప్పుడే!”

ఒక్కసారిగా ఇల్లంతా పరుగులయింది. వరహాలు వెనక గదిలోకి దూకి పోతమ్మ మంచం తలవైపు పట్టుకున్నాడు. తాయారు కాళ్ళవైపు పట్టింది. నాగమణి గ్యాసు బండ కట్టేసి, స్కూల్లో ఉన్న పిల్లలు నిజంగా స్కూల్లోనే ఉన్నారా అని తనలో తనే అరుచుకుంటూ బయటికి పరిగెత్తింది.

“ఏటే, నన్ను మోసుకెల్తన్నారు? నాను బతికే ఉన్నాను!” అని పోతమ్మ మంచం మీంచి కేకలు పెట్టింది. “నా వక్కల సంచీ! ఒలే తాయారూ, నా వక్కల సంచీ!”

“వక్కలు నాను కొనిత్తాను, నువ్వు కదలకు అమ్మా!”

గుమ్మం దగ్గర మంచం ఇరుక్కుంది. వరహాలు పక్కకి ఒంచాడు. ముసలమ్మ ఆసరాకి ఏదీ దొరక్క అల్లుడి జుట్టు పట్టుకుంది. ఆ ఊపులోనే బయటపడ్డారు. వీధిలో దించాక ఆయాసపడుతూనే తాయారుకి నవ్వొచ్చింది. నవ్వుతూ వెనక్కి చూసింది.

జగ్గారావు లేడు.

బయటి మెట్ల మీద ధడధడ అడుగుల చప్పుడు. అతను పైకి ఎక్కుతున్నాడు.

“దిగండి!” జ్యోతిర్మయి అరిచింది. “ముందు బీము కింద ఆసరాగా జాకీలు పెట్టాలి. ఆ తర్వాతే బరువు దించాలి. మీరు అక్కడ తిరక్కూడదు!”

“నానెట్టిన బరువు నానే దించుతాను!” పై నుంచి అతని గొంతు వచ్చింది. వెంటనే ఇంటి లోపల టిక్కుమని ఒక చప్పుడు. చిన్నదే. కానీ ఆ చప్పుడుకి జ్యోతిర్మయి రెండు చేతులూ చాచి అందర్నీ ఇంకా వెనక్కి నెట్టింది.

తాయారు ఆ చేతుల కింద నుంచి దూరి మెట్ల దగ్గరికి పోయింది. వరహాలు ఆమె పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమెకి వినపడలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

“అన్నియ్యా, దిగు.”

సిమెంటు బస్తా భుజాన వేసుకుని జగ్గారావు మెట్ల పైన కనిపించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నువ్వెల్లు, తాయారూ!”

“నువ్వు దిగితే ఎల్తాను.” రెండో మెట్టు ఎక్కింది.

“ఎక్కకు! సెప్తన్నాను నీకు, ఎక్కకు!”

“అయితే దిగు. ఇల్లు నువ్వు మళ్ళీ కట్టుకుంతావు. నిన్ను నాకెవుడు కట్టిత్తాడు?” మూడో మెట్టు ఎక్కింది. ఆగలేదు.

జగ్గారావు చెల్లెల్ని చూశాడు. భుజం మీది బస్తాని, పడుకున్న పసిపిల్లని దించినట్టు, చప్పుడు కాకుండా మెట్ల మీదికి దించాడు. గోడని తాకకుండా ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. కిందికి రాగానే తాయారు అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. వీధి మధ్యకి వచ్చినా ఆ గుప్పిట విప్పలేదు.

“జాకీలు నా వేన్లో ఉన్నాయి,” అన్నాడు జగ్గారావు.

ఆ తర్వాత పని మొదలైంది. చుట్టుపక్కల వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. సెంట్రింగు ఇనుప జాకీలు చేతులు మారుతూ వచ్చాయి. జ్యోతిర్మయి గుమ్మంలో నిలబడి చెబుతుంటే, వరహాలు, జగ్గారావు భుజం భుజం ఆనించుకుని గుమ్మం దగ్గర నుంచి లోపలికి ఒక్కో జాకీ నిలబెట్టుకుంటూ పోయారు. కింద పలక, పైన పలక, మధ్యలో ఇనుము.

“పైకి ఎత్తకండి! తగిలేదాకా బిగించండి, అంతే,” అంటోంది ఇంజనీరు.

“ఇంకొక సుట్టు, బావా,” అన్నాడు వరహాలు.

“సాలు. పట్టింది,” అన్నాడు జగ్గారావు.

పొద్దున్న గేటు దగ్గర వాదులాడుకున్న మనుషులు. తాయారు బయట నుంచి వాళ్ళిద్దరి చేతులూ ఒకే మర మీద తిరగడం చూసి ఉండబట్టలేక పోతమ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. ముసలమ్మ నొప్పితో తిట్టింది.

ఆఖరి జాకీ బిగిసింది. జ్యోతిర్మయి బీము కింద టార్చి వేసి చాలాసేపు చూసింది. చీలిక కదల్లేదు. ఆమె బయటికొచ్చి తల ఊపింది. వీధంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరో ఈల వేశారు.

“ఇది ప్రాణాలు కాపాడడానికే. ఇల్లు బాగయినట్టు కాదు,” అని హెచ్చరించింది ఇంజనీరు. “ఈ రాత్రి నుంచీ ఇక్కడ ఎవరూ పడుకోకూడదు. పూర్తిగా పరీక్ష చేశాకే బాగుచెయ్యగలమో లేదో చెప్పగలను. మేస్త్రీ గారూ, ఆ వెనక మూల కిందికి దిగింది. అక్కడ ముందు ఏముండేది?”

జగ్గారావు ఆ మూల వైపు చెయ్యి చూపించాడు.

“గెడ్డ. సిన్న వాగు. వానొచ్చినప్పుడే పారేది. మిగతా రోజులు ఎండిపోయుండేది. మట్టి పోసి కప్పేసేం.”

“దాని మీద రెండంతస్తులు, పైన ఆ సరుకు.” జ్యోతిర్మయి కోప్పడలేదు. “మీ చెల్లెలి గారి ఇల్లు మెరక మీద ఉంది, సరిపోయింది. ఆ గెడ్డ ఇక్కడి నుంచి ఎటు పోయేది?”

అతను వీధి మధ్యలోకి నడిచాడు. చెయ్యి చాచి, గాల్లో ఒక గీత గీస్తున్నట్టు తిరిగాడు. తన ఇంటి వెనక మూల, వీధి అడ్డంగా, ఖాళీ స్థలం, దాని అవతల...

చెయ్యి అక్కడ ఆగిపోయింది.

అవతల గవర్రాజు ఇల్లు. ఫిషింగ్ హార్బర్లో ఐసు లారీ నడుపుకునే గవర్రాజుకి ఆ ఇల్లు అమ్మింది జగ్గారావే. ఇప్పుడు దాని మీద రెండో అంతస్తు వేస్తున్నారు. సెంట్రింగు కొట్టి, ఇనుము కట్టి, అంతా సిద్ధంగా ఉంది. ఆ సందులోకి అప్పుడే ఒక రెడీమిక్స్ కాంక్రీటు లారీ వెనక్కి వెనక్కి వస్తోంది. దాని మీద పెద్ద డ్రమ్ము గిర్రున తిరుగుతోంది.

“స్లాబు ఇయ్యాళే!” అంది నాగమణి.

జగ్గారావు పరుగందుకున్నాడు. అతని వెనక తాయారు, ఆ వెనక వరహాలు, సంచీ ఊగుతుండగా జ్యోతిర్మయి. ఖాళీ స్థలంలో ముళ్ళపొదలన్నీ తొక్కుకుంటూ అడ్డంగా పడి పరిగెత్తారు.

“గవర్రాజూ! ఆపించు! కాంక్రీటు పొయ్యొద్దు!”

తలకి తువ్వాలు చుట్టుకుని గవర్రాజు నవ్వుతూ ఎదురొచ్చాడు. “ఏటి బావా, కొబ్బరికాయ కొట్టినప్పుడు రమ్మంటే రానేదు. ఇప్పుడొచ్చి ఆపమంతన్నావేటి?”

జగ్గారావు అటూ ఇటూ చూశాడు. చుట్టూ పనివాళ్ళు. వెనకాల వచ్చి చేరిన కాలనీ జనం. అందులో సగం మంది అతని దగ్గర ఇళ్ళు కొన్నవాళ్ళు. అన్న నోటి నుంచి మాట రాకపోతే ఏమవుతుందో తాయారుకి తెలుసు. వస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఆమె అతని పక్కకి వెళ్ళి నిలబడింది.

“నా ఇల్లు పగిలిపోనాది,” అన్నాడు జగ్గారావు. ఈసారి అందరికీ వినబడేలా అన్నాడు. “నీ ఇంటి ఎనక మూల కూడా ఆ గెడ్డ మీదే ఉన్నాది. కప్పింది నానే, కట్టింది నానే. గుంత తవ్వి పునాది సూడాల. సూడకుండా మీద బరువెయ్యకు, గవర్రాజూ. నీకు దండవెడతాను.”

గవర్రాజు నవ్వు పోయింది. “ఇది ఇప్పుడా సెప్పడం? లారీ గుమ్మంలో ఉన్నాది! డ్రమ్ములో సరుకు గడ్డ కట్టెత్తాది! అమ్మినప్పుడు ఏటన్నావు, ఎన్ని అంతస్తులు కావాలంటే అన్నేసుకోమన్నావు గదా!”

జగ్గారావు తల దించుకున్నాడు. జనంలో గుసగుసలు లేచాయి. “మా ఇల్లో?” అన్నారెవరో. “మాది కూడా అటే గదా!” అంది ఇంకో గొంతు.

గవర్రాజు తాయారు వైపు తిరిగాడు.

“అమ్మా తాయారూ, నువ్వు సెప్పు. నువ్వూ ఈడు కట్టిన ఇల్లే కొన్నావు. రేపు అందులోకి దిగుతావా, దిగవా? నిజం సెప్పు.”

గుసగుసలు ఆగిపోయాయి. డ్రమ్ము తిరిగే చప్పుడు ఒక్కటే మిగిలింది.

“దిగుతాను,” అంది తాయారు. “ఈవిడ సూడకపోయుంటే కూడా దిగుదును. అన్నియ్య కట్టేడన్న నమ్మకంతో. ఇప్పుడు సూసినాది కాబట్టి, పిల్లల్ని పక్కనేసుకుని బయం నేకుండా తొంగుంతాను. నా ఇంటి కింద ఏటుందో నాను కళ్ళారా సూసేను, గవర్రాజన్నా. నీ ఇంటి కింద ఏటుందో నీకు తెలుసా?”

గవర్రాజు ఆమె వైపు చూశాడు. తన ఇంటి వెనక మూల వైపు చూశాడు. అక్కడ గోడకి ఆనుకుని అతని కూతురు కూర్చుని, లోకం పట్టకుండా ఫోను చూసుకుంటోంది.

అతని మొహంలో ఏదో మారింది. లారీ వైపు తిరిగి చెయ్యెత్తాడు.

“డ్రైవరూ! ఆపు!”

“ఆపడమేటి?” పై నుంచి పిడుగులాంటి కేక. సెంట్రింగు మీద పసుపు నీళ్ళ చెంబుతో గవర్రాజు పెళ్ళాం గంగాలమ్మ నిలబడి ఉంది. “ముహూర్తం దాటిపోతన్నాది! ఇల్లు నా పేరున ఉన్నాది. నాను సెప్తన్నాను, పొయ్యి!”

డ్రైవరు మీట మీద చెయ్యి వేసి, కింద గవర్రాజునీ, పైన గంగాలమ్మనీ మార్చి మార్చి చూశాడు.

జగ్గారావు లారీని అడ్డుకోవడానికి రెండు చేతులూ చాచి, దానికీ గోడకీ మధ్యకి నడవడం మొదలుపెట్టాడు.